ఎస్తేర్ టీచర్, చెరుకు బండి

మా ముత్తాత మాధవరావు ఎడపల్లి చుట్టుపక్కల ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత కిషన్‌రావు కాలంలో కూడా కోటలాంటి మా గడి ముందు జనం చెప్పులు చేతబట్టుకునే నడిచేవారు. వారి వారసుణ్ణైన నేను నిజామాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాను. సాయంత్రం వోల్టేజీ పడిపోయి, బల్బులో తీగ ఎర్రబడి, ఫ్యాను రెక్కలు విడివిడిగా కనబడగానే గుండెలో పాత దడ మొదలవుతుంది. కుడిచేయి తనంతట తానే కుర్చీ మీద దరువు వేస్తుంది. అప్పుడు ఎస్తేర్ టీచర్ గుర్తొస్తారు.

డిగ్రీ చివరి ఏడు నేనొక బొమ్మల సినిమా చేశాను. కెమెరా లేదు. కాలేజీలో ప్రొజెక్టర్ మాత్రం ఉండేది. పారేసిన రీలును కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, పాత బొమ్మలు పోయేదాకా కడిగి, గాజులా మిగిలిన ఫిల్ము మీద గోరంత ఫ్రేముల్లో నల్ల సిరాతో చెరుకు బండిని గీశాను. ఒక్కో ఫ్రేములో చక్రం ఇంత తిరగాలి, ఎద్దు కాలు ఇంత కదలాలి. రెండు నిమిషాల బొమ్మకు చలికాలమంతా పట్టింది. సంగీతం కోసం మా లెక్చరర్ నన్ను ఎస్తేర్ టీచర్ దగ్గరికి పంపారు. ఆమె బాలికల బడిలో పాటలు నేర్పేవారు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఆమె తండ్రి ఒకప్పుడు మా గడిలో జీతానికి పనిచేసినవాడు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నేను గడప దగ్గరే నిలబడ్డాను.

"నిలవడితె పని గాదు దొరా. కూసో, చాప కరవది."

మర్నాడు కాలేజీలో తెరమీద బొమ్మ చూసి ఆమె డోలక్ నా ముందుకు జరిపారు. "చక్రం ఎప్పుడు గుంతల వడ్తదో గీసినోనికే ఎరుక. నువ్వే వాయించాలె."

"బండి వణుకుతున్నది టీచర్. గీత నిలుస్తలేదు."

"చెరుకు బండి వణకక ఇంకేం జేస్తది?"

నా తాళం తప్పినప్పుడల్లా ఒకటే మాట: "చేతి దిక్కు చూడకు. చక్రం దిక్కు చూడు." చివరికి సెల్లులతో నడిచే టేప్ రికార్డర్‌లో ఆమె హార్మోనియం, నా డోలక్ ఎక్కించాం. నాన్నను బాపు అంటాను; ఆయన ముందు నేను బొమ్మలు గీసేవాణ్ణే. మేళగాళ్లతో కూర్చునేవాణ్ణి కాదు. అందుకే, "నేను వాయించిన్నని ఎవ్వరికి చెప్పకుండ్రి టీచర్" అని మాట తీసుకున్నాను. ఆమె నవ్వారు. "టేపుల మొఖం కనవడది లే."

బోధన్‌లో ఒక బడి హాల్లో ప్రదర్శన పెట్టారు. ముందు వరుసలో తాతను ఎరిగిన తెల్లతలలు, వాళ్ల మధ్య షేర్వానీ వేసుకుని బాపు, పక్కన నేను. "నవ్విండ్రనుకో, బోధన్ల మళ్ల మొఖం చూపియ్య" అని బాపు దారిలోనే అన్నాడు.

సినిమాకూ పాటకూ జత కుదిర్చింది నిజామాబాద్‌లో, పగటిపూట. పొద్దుగూకే వేళ బోధన్ చుట్టూ పొలాల్లో మోటార్లు మొదలైతే కరెంటు మందగిస్తుందని అక్కడ ప్రతి రైతు బిడ్డకూ తెలుసు. నాకు తట్టలేదు. తెరమీద వెలుగు పసుపుపచ్చగా మారింది. ప్రొజెక్టర్ మెల్లబడింది. సెల్లుల టేపు మాత్రం తన వేగాన తాను పోయింది. చక్రం గుంతను చేరకముందే డోలక్ ధన్‌మంది.

"సప్పుడు ముందుగాల్నే పాయె, గుంత గిప్పుడొస్తుందిరా!" అన్నారెవరో వెనక నుంచి. "ఎడ్లు పండుకున్నయా ఏంది!" హాలంతా నవ్వింది. చేతికర్ర మీద బాపు వేళ్లు బిగుసుకున్నాయి.

టేపు దగ్గర నిలబడ్డ ఎస్తేర్ టీచర్ దాన్ని ఆపేశారు. ప్రార్థన గీతం కోసం తెచ్చిన హార్మోనియం, డోలక్ తెర పక్కన నేలమీద ఉన్నాయి. ఆమె కూర్చుని, తెర చూస్తూ, ఎడ్ల నడకకు సరిగ్గా పాటను మెల్లగా ఎత్తుకున్నారు. డోలక్‌ను పక్కన ఖాళీ జాగాలోకి నెట్టారు. నా వైపు చూడలేదు, పేరు పిలవలేదు. ఇచ్చిన మాట మీదే ఉన్నారు. చక్రాలు చప్పుడు లేకుండా దొర్లుతున్నాయి. రెండో గుంత దగ్గర పడుతోందని ఆ హాల్లో మా ఇద్దరికే తెలుసు.

లేచాను. అందరి ముందూ, బాపుకు వీపు చేసి, ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను. చక్రం దిక్కు చూశాను. అది గుంతలో పడింది. డోలక్ అప్పుడే మోగింది. మెల్లబడిన ఆ నడకలో ఎడ్లు నిజంగానే బరువు లాగుతున్నట్టు ఉంది. నవ్వులు ఆగాయి. "మెల్లగ, మెల్లగ... అలిసినయ్" అని ఒక ముసలాయన తెరమీది ఎడ్లతోనే అన్నాడు.

తిరుగు బస్సులో బాపు కిటికీ వైపు తిరిగి అన్నాడు:

"అందరి ముంగట నేలమీద కూసున్నవ్."

"కూసున్న బాపు."

ఎడపల్లి దీపాలు కనబడ్డాక బాపు అన్నాడు: "కాడి కొసలకు ఇత్తడి కుప్పెలు గీసినవ్. అది మీ తాత బండి."

"అవ్ బాపు."

"ఎడమ దిక్కు ఎద్దు జర ఒరిగి నడుస్తుండె. గది గూడ గీసినవ్."

నేనెందుకు లేచానని ఎస్తేర్ టీచర్ ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు ఆమె లేరు. కరెంటు మందగించినప్పుడు నేను చేతి దిక్కు చూడను. ఫ్యాను రెక్క దిక్కు చూస్తాను, చేయి దాని వెంటే మెల్లబడుతుంది.

ఆ బండినీ ఆ ఎడ్లనూ నేను బొమ్మలు గీయడానికి ముందటి ఎండాకాలంలోనే అమ్మేశాం. గడిని ఆ తర్వాత అమ్మాం.