వాన రాకుంటే ఏం చేస్తావు

సార్ పోయారన్న కబురు నాకు పరీక్ష హాల్లో తెలిసింది. మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన లెక్చరర్ అమ్మాయి కిటికీ దగ్గరకొచ్చి, "మేడమ్, పెద్దసారు తెల్లారుజామున పోయినారంట" అంది. బెల్లు కొట్టడానికి ఇంకా రెండు గంటలుంది. పిల్లలు అడిషనల్ షీట్లు అడుగుతూనే ఉన్నారు, నేను ఇస్తూనే ఉన్నాను. ఏడవడానికి కూడా ఓపిక కావాలని ఆ రోజు తెలిసింది.

ఆయన నాకు పాఠం చెప్పిన గురువు కాదు. మా యూనివర్సిటీలోనే వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆ తర్వాత కూడా ప్రతి శనివారం సెమినార్ గదిలో కూర్చుని, పరిశోధన గ్రాంట్లకూ ఫెలోషిప్పులకూ మేం రాసుకున్న దరఖాస్తులు దిద్దేవారు. ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. పక్కన వేయించిన శెనక్కాయల పొట్లం ఉండేది. పేజీ పూర్తిగా చదివేదాకా ఒక్క కాయ వొలిచేవారు కాదు.

ఒక ఫెలోషిప్‌కు పంపిన నా దరఖాస్తు మూడుసార్లు తిరిగొచ్చింది. వయోపరిమితి ప్రకారం నాలుగోసారి రాసే ఆ ఏడే నాకు చివరిది. మెట్టభూముల్లో శెనక్కాయ రకాల మీద పని. జూన్‌లో విత్తడం, అక్టోబరులో కోత అని పట్టిక గీసి ఇచ్చాను. సార్ అక్కడే ఆగిపోయారు.

"ఏమ్మా, యా ఊరు మీది?"

"ముదిగుబ్బ సార్."

"మీ నాయన ఎన్నేండ్లు జూన్‌లో విత్తినాడు?"

సార్ పట్టికలో జూన్ కింద గీత గీశారు.

"వాన నీ పట్టిక చూసుకోని కురుస్తాదా? రాకుంటే ఏం చేస్తావు? అది రాసుకోనిరా, పో."

కోపమొచ్చింది. రెండు శనివారాలు ఆ గది వైపు పోలేదు. మూడో వారం ఆయనే మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి నా గదికొచ్చారు.

"నాతో కాదు సార్. అలిసిపోయినా. మానుకుంటా" అన్నాను.

ధైర్యం చెప్పలేదాయన. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నేనూ అలిసిపోయినానమ్మా. నీ వయసులో ఐదుసార్లు రాసి ఇడిసిపెట్టినా. యాడ తప్పు పోయిందో చెప్పేవాళ్లు లేకపోయిరి. పని తెలుసు, చెప్పుకునేది తెలీదు. ఒక్కటి గూడా రాలే నాకు."

ఒక్క గ్రాంటూ రాని మనిషి ఇన్నేళ్లుగా మా కాగితాలు దిద్దుతున్నారని నాకప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేశాను. వాన తప్పిన ఏడు ఏం చేసేవాడో గంటసేపు చెప్పాడు. ఎన్నాళ్లు ఆగేదీ, ఎప్పుడిక శెనక్కాయ ఆశ వదిలి ఉలవలు చల్లేదీ, అన్నీ రాసుకున్నాను. అదే దరఖాస్తులో ఒక భాగమైంది. ఇంటర్వ్యూలో పెద్దలు ఎక్కువసేపు అడిగింది కూడా దాని గురించే.

ఫెలోషిప్ వచ్చింది. ఉత్తరం చూపిస్తే సార్ రెండుసార్లు చదివి, "సరే. ఇంగ శనివారాలు నువ్వు గూడా రా. నాకు కండ్లు ఆనడంలే" అన్నారు.

కొన్నాళ్లు వెళ్లాను. తర్వాత పొలం పని, నివేదికలు, పరీక్షలు. ఆయన మంచాన పడ్డాక ఒక్కసారే చూసొచ్చాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

అంత్యక్రియలు కదిరి అవతల వాళ్ల ఊళ్లో జరిగాయి. తిరుగు బస్సులో ఆ కొత్త అమ్మాయి నా పక్కనే కూర్చుంది. చాలాసేపటికి సంచిలోంచి కాగితాలు తీసింది. "నా దరఖాస్తు మేడమ్. సారు దగ్గరే ఉండిపోయింటే వాళ్ల కూతురు ఇప్పుడిచ్చింది."

ఏడో పేజీ సగం దాకా ఆయన దిద్దిన గీతలున్నాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఈడ నుంచి మీరు చూస్తారా?"

తల పగిలిపోతోంది. కళ్లు మండుతున్నాయి. "నువ్వు చదువు, వింటా" అన్నాను.

రోడ్డుకడ్డంగా గొర్రెల మంద దాటుతుంటే డ్రైవరు ఇంజను ఆపేశాడు. కిటికీలోంచి వస్తున్న దుమ్ములో, వాక్యం కింద వేలు పెట్టుకుని ఆ అమ్మాయి పెద్దగా చదవసాగింది.