మెస్ అమ్మ చెంప మీది మచ్చ

యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో మాకు అన్నం వడ్డించిన అమ్మ రిటైరవుతోంది. అచ్చం ఆమెలా ఉండే బొటనవేలంత బొమ్మ కావాలని జూనియర్లు నన్నడిగారు. తార్నాకలోని నా గదిలో అలాంటి బొమ్మలకు రంగులు వేయడమే నా పని. ఫోటో ముందు లేనిదే కుంచె ముట్టను. "నీకు గుర్తుంటది గదన్నా" అంటే ఒళ్లు మండుతుంది. గుర్తున్నదాన్ని నమ్మొద్దు, ఫోటోనే నమ్మాలి అనేవాణ్ని. పొగరు మరి!

వాళ్లు పంపింది ఒకే ఒక్క సెల్ఫీ. అందులో కొంగు జారి, చెంప మీద కాలిన మచ్చ కనబడుతోంది. చీర అంచుతోపాటు ఆ మచ్చనూ దింపాను. సన్మానం రోజు బొమ్మను టిఫిన్ డబ్బాలో దూది మధ్య పెట్టుకుని ఆటోలో క్యాంపస్‌కు వెళ్లాను. చూడగానే జూనియర్ ముఖం మాడిపోయింది.

"మచ్చ ఎందుకేసినవన్నా? ఫోటో తీస్తే చాలు, అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంటది. అందరి ముందట ఏడుస్తది."

"ఉన్నది ఉన్నట్టే వేస్తా" అని కసిరాను. కానీ ఆమె కంటతడి పెడితే ఆ పాపం నాదే. ఇంకా అరగంటే ఉంది. మచ్చ చెరిపేద్దామని మెస్ మెట్ల మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న రంగుల డబ్బా విప్పాను. అంతలో వెనక అమ్మ గొంతు.

"ఏంది బిడ్డా గది? నేనేనా?"

దాచే వీల్లేకపోయింది. బొమ్మను అరచేతిలో పెట్టుకుని కళ్లకు దగ్గరగా పట్టుకుంది.

"మచ్చ గా దిక్కు కాదు కొడుకా, గీ దిక్కు" అంటూ కుడిచెంప చూపించింది.

నేను ఎడమచెంపకు వేశాను. ఆ సెల్ఫీలో, అద్దంలోలాగా, కుడి ఎడమలు తారుమారయ్యాయి. సెల్ఫీల్లో అలా అవుతుందని పదిమందికీ చెప్పేవాణ్ని నేనే! సిగ్గుతో చచ్చిపోయాను.

"అసలు మచ్చే లేకుండా చేస్తానమ్మా."

"ఎందుకు? మీకు పూరీలు చేస్తుంటే నూనె ఎగిరి పడ్డది. దాని జాగల దాన్ని పెట్టు. ఫోటోలైతే తెల్వనోళ్లు చూస్తరని కొంగు అడ్డం పెడ్త. మీరు నాకు తెల్వనోళ్లా?"

పక్కన కూర్చుని చెంప నావైపు తిప్పింది. అలవాటుగా ఫోటో కోసం ఫోన్ తీయబోయి ఆగిపోయాను. రెండేళ్లు ఆమె చేతి అన్నం తిన్నాను. ఆ ముఖాన్ని సరిగా చూడటం అదే మొదటిసారి.