అల్ ఖోర్ గుంతలో పోయిన రెండు టైర్లు

2019 జనవరి, రెండో గురువారం, ఉదయం ఐదుంబావు. ఖతర్‌లో అల్ ఖోర్ దాటాక ఉత్తరంగా పోయే ఒక మళ్లింపు రోడ్డు మీద మా కంపెనీ పికప్ బండి వాననీళ్ల కింద కనపడకుండా ఉన్న గుంతలో పడింది. ఎడమ వైపు రెండు టైర్లూ పోయాయి. నేను అప్పుడు ఆ కంపెనీ గ్యారేజీలో టైర్ల విభాగానికి ఫోర్‌మన్‌ని.

ఫోర్‌మన్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. గ్యారేజీలో హెల్పర్‌గా చేరినవాడు టైర్‌మన్ అవుతాడు, ఆ తర్వాత కొద్దిమందికి పని పురమాయించే ఛార్జ్‌హ్యాండ్, ఆపైన అందరి పనీ చూసే ఫోర్‌మన్. నేను హెల్పర్ నుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కాను. చదువు లేకుండానే ఎక్కాను. నాకు మొదట తెలిసిన అక్షరాలు టైరు మీద అచ్చుపోసి ఉండేవే. తెలుగు అక్షరాలు యాభై దాటాక, క్యాంపులో శుక్రవారం సెలవుల్లో దిద్దాను. కాబట్టి ఎక్కడైనా వాక్యం కుంటితే చదివేవాళ్లు సర్దుకోవాలి. సంగతి మాత్రం కుంటదు.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం దేశమంతా తవ్విపోసిన రోజులవి. నిన్న తిన్నగా పోయిన రోడ్డు ఇవాళ పక్కకు తిరిగి ఉండేది. ఊళ్లో మావాళ్లు దుబాయ్ రోడ్లు అద్దాల్లా ఉంటాయని చెప్పుకునేవాళ్లు. వాళ్లకు ఖతర్ కూడా దుబాయే. అసలు రోడ్లు నిజంగానే బాగుండేవి. మళ్లింపు రోడ్లే నాలుగు నాళ్ల కోసం పల్చగా తారు పోసి వదిలేసినవి. వాటి మీద బరువు లారీలు తిరిగేవి. చలికాలంలో రెండు వానలు పడితే చాలు, నోరు తెరిచేవి.

మా కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. ఏ బండి చక్రం పాడైనా ఫోర్‌మన్ స్వయంగా చూసి మూడు మాటల్లో ఒకటి చెప్పాలి: రోడ్డు, డ్రైవరు, అరుగుదల. రోడ్డు వల్ల పోతే ఎవరి మీదా మాట ఉండదు. అరుగుదల అంటే టైరు పాతబడిందని, అది మా గ్యారేజీ చూసుకోవాల్సిన పని. డ్రైవరు అంటే అతని తప్పని. ఒకే మనిషి మీద ‘డ్రైవరు’ అన్న మాట రెండుసార్లు పడితే కంపెనీ వీసా రద్దు చేసి ఇంటికి పంపేసేది.

ఆ పికప్ నడిపిన రాజన్న మీద అప్పటికే ఒకసారి పడింది. బండి వెనక్కి తీస్తూ గేటు స్తంభానికి తగిలించాడు. రాజన్నది జగిత్యాల వైపు. ఖతర్‌లో ఎన్నో ఏళ్లు సిమెంటు మోసి, డ్రైవింగు పరీక్ష తప్పుతూ మళ్లీ రాస్తూ, చివరికి లైసెన్సు తెచ్చుకున్న మనిషి. స్టీరింగు పట్టుకొని ఏడాది కూడా కాలేదు. ఇంటికి పంపేస్తే ఆ లైసెన్సు ఊళ్లో చూపించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

నాకు ఫోన్ చేసింది అతనే. “కాకా, మనుషులంత మంచిగున్నరు. బండివే రెండు టైర్లు పోయినయ్” అన్నాడు. ముందు మనుషుల సంగతి చెప్పాడని నేను గమనించాను. బండి వేరే బండికి గానీ గోడకు గానీ తగల్లేదు కాబట్టి పోలీసు రిపోర్టు అవసరం పడలేదు. పికప్‌కు ఒక స్టెప్నీ ఉంటుంది. పోయినవి రెండు కాబట్టి ఇంకొక చక్రం సర్వీసు వ్యాన్‌లో వేసుకొని, టైర్‌మన్ అన్వర్‌ను వెంటబెట్టుకొని బయల్దేరాను. అన్వర్‌ది పెషావర్ వైపు, మాట తక్కువ, చెయ్యి గట్టిది. మనుషులను ఎక్కించుకున్న బండికి ఏమన్నా అయితే ట్రాన్స్‌పోర్టు మేనేజర్ కూడా రావాలి. ఆయన తన కారులో వెనక వస్తున్నారు.

మేము చేరేసరికి తూర్పు అప్పుడే తెల్లబడుతోంది. బండిలో వచ్చిన నలుగురు పరంజా కట్టే పనివాళ్లు చలికి తువ్వాళ్లు తలకు చుట్టుకొని రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. వాళ్లలో గంగారాంది మాకు దగ్గరి ఊరే, నోరు ఊరుకోదు. “కాకా, బండికేం గాలే. నా చాయ్ ఫ్లాస్కే పలిగింది. దానికి సుత స్టెప్నీ తెచ్చినవా?” అన్నాడు.

“నీ నోటికి తెచ్చిన, మూత” అన్నాను.

పని మొదలుపెట్టాం. గుంతలో పడ్డ చక్రాన్ని చూసేందుకు ఒక వరస ఉంది. ముందు పైకి కనపడే దెబ్బ. ఆ తర్వాత చక్రం విప్పి, లోపలి పక్క తడిచేత్తో చుట్టూ తడమాలి. టైరు బయటి గోడ నున్నగానే ఉంటుంది, లోపలి గోడలో దారాలు తెగి బుడగలా ఉబ్బి ఉంటుంది. ఆ బుడగతో నడిపితే ఎండెక్కాక పేలుతుంది. అందుకే బాగున్నాయనుకున్న కుడివైపు చక్రాలను కూడా విప్పించాను. అవి బాగానే ఉన్నాయి.

రాజన్న నా పక్కన గొంతు కూర్చున్నాడు. “స్పీడు లేదు కాకా, అమ్మతోడు.”

“ఆగు. టైరు చెప్తది.”

టైరు చెప్పింది. గాలి నిండుగా ఉన్న బండి జోరుగా వచ్చి గుంతలో పడితే రిమ్ము అంచు లోతుగా నొక్కుకుపోతుంది. ఇక్కడ రిమ్ము అంచు కొంచెమే వంగింది. కానీ రెండు టైర్ల గోడల మీదా పక్కపక్కనే రెండేసి కోతలు ఉన్నాయి. గాలి తక్కువై మెత్తబడ్డ టైరును గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య నలిపితేనే అలాంటి కోతలు పడతాయి. అంటే బండి మెల్లగానే వచ్చింది. స్పీడు లేదని చెప్పగానే రాజన్న మొహం విచ్చుకుంది.

“గాలి ఎంతకు దించినవ్?” అని అడిగాను. ఆ మొహం మళ్లీ ముడుచుకుంది.

ముందురోజు సాయంత్రం సైటు దగ్గర తడి ఇసుకలో బండి దిగబడిందట. ఇసుకలో దిగబడితే అక్కడి డ్రైవర్లంతా చేసేది ఒకటే. వాల్వు పిన్ను నొక్కి నాలుగు టైర్లలోనూ సగం గాలి వదిలేస్తారు. టైరు పరుచుకుంటుంది, బండి పైకి వస్తుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి పట్టాలి. వేసవిలో అలవాటుపడ్డ డ్రైవర్లు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు, వేడికి గాలి దానంతటదే ఉబ్బుతుందని. చలికాలం తెల్లవారుజామున సంగతి తలకిందులు. ఉన్న కాస్త గాలి కూడా ముడుచుకుంటుంది.

“గాలి సంగతి సార్‌కు చెప్పకు కాకా. స్పీడు లేదని చెప్పు, రోడ్డు అని చెప్పు. గంతే.”

గంగారాం కూడా వంగి అన్నాడు: “మన జిల్లోడే కాకా. ఒక్క మాట మింగితే ఏం పోతది?”

“మింగితే నా కడుపులనే ఉంటదిరా. రేపు ఇంకొకడు గిట్లనే గాలి దించుకొని, నీ అసొంటోళ్లను నలుగురిని ఎక్కించుకొని పోతడు. పేలినంక నేనేం చెప్పాలె?”

రాజన్న లేచి దూరంగా వెళ్లి నిలబడ్డాడు. అన్వర్ పానా పక్కన పెట్టి నా వైపు చూశాడు. మా తెలుగు అతనికి రాదు, అయినా సంగతి అర్థమయింది.

అప్పుడు ట్రాన్స్‌పోర్టు మేనేజర్ రత్నం గారు కారు దిగారు. ఆయనది కృష్ణా జిల్లా, పెద్ద చదువు, మాట నెమ్మది. “ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా? చెప్పండి మల్లయ్య గారూ, ఉన్నదున్నట్టు” అన్నారు.

ఉన్నదున్నట్టే చెప్పాను. స్పీడు లేదు, టైర్లు కొత్తవే, గుంత పెద్దదే, కానీ ముందురోజు సాయంత్రం ఇసుకలో దించిన గాలి మళ్లీ పట్టలేదు, నిండుగా ఉంటే టైర్లు తట్టుకునేవి. పద్ధతి ప్రకారం ఆ తర్వాత మూడింటిలో ఒక మాట చెప్పాలి. గాలి లేకుండా రోడ్డెక్కించింది డ్రైవరు. ఆ మాట నా నోట్లో ఉంది.

రత్నం గారు చెయ్యెత్తి ఆపారు. రాజన్నను పిలిచారు. “గాలి తీసింది నిన్న సాయంత్రం కదా. పొద్దున్న క్యాంపులో కొట్టించుకోకుండా ఎందుకు బయల్దేరావు?”

రాజన్న వంగి విప్పిన నట్లు ఏరసాగాడు. రత్నం గారు మళ్లీ అడిగారు. అప్పుడు గంగారామే అందుకున్నాడు: “రాత్రి బంకుల లారీల లైను పెద్దగుండె, క్యాంపుకొచ్చేసరికే కంప్రెసర్ రూముకు తాళం సార్. పొద్దుగాల ఆరింటి దాంక తియ్యరు. మేమేమో డ్యూటీకి నాలుగున్నరకే బండెక్కాలె. బంకుల కొట్టిద్దమని మెల్లగ తీస్కపోతున్నడు. బంకేమో గీ గుంతకు అవతల ఉండె.”

క్యాంపు గేటు దగ్గరి ఆ చిన్న కంప్రెసర్ మా గ్యారేజీ కిందికి రాదు, క్యాంపు వాళ్లది. తాళం సంగతి నాకు అప్పుడే తెలిసింది.

“ఆ తాళం వేయించింది నేనేనండీ” అన్నారు రత్నం గారు. రెండో షిఫ్టు వాళ్లు అర్ధరాత్రి వచ్చి పడుకుంటారు, కంప్రెసర్ వాళ్ల గోడకు ఆనుకొని ఉంటుంది, తెల్లవారకముందే దాని మోతకు నిద్ర ఉండటం లేదని వాళ్లు మొరపెట్టుకుంటే ఆయనే ఉత్తర్వు ఇచ్చారట. “వాళ్ల నిద్ర చూశాను. వీళ్ల డ్యూటీ టైము చూడలేదు.” తర్వాత రాజన్నతో, “ఈ మాట నువ్వే చెప్పొచ్చు కదయ్యా” అన్నారు.

“మీరు ఏపిచ్చిన తాళం గదా సార్” అన్నాడు రాజన్న.

రత్నం గారు నా వైపు తిరిగి, “రోడ్డు కాదు, డ్రైవరూ కాదు. ఏర్పాటు తప్పు అని నేనే రాసుకుంటాను” అన్నారు. ఆ నాలుగో మాట అప్పటిదాకా మా పద్ధతిలో లేదు. ఆయన దాన్ని తన పేరు మీద పెట్టుకున్నారు. పైవాళ్లు ఆయనను ఏమన్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

రెండు చక్రాలూ మార్చి, నాలుగింటికీ వ్యాన్‌లోని పంపుతో గాలి పట్టి, నట్లు మరోసారి బిగించాం. వంగిన రిమ్ములను సుత్తితో కొట్టి సరిచేసి వాడటం నేను ఒప్పుకోను, వాటిని పక్కన పడేయించాను. ఆ నెలలోనే కంప్రెసర్‌ను గదులకు దూరంగా యార్డు చివరకు మార్చారు, తాళం తీసేశారు. ప్రతి పికప్‌లో ఒక కాలి పంపు, గాలి కొలిచే గేజీ ఒకటి పెట్టారు. గేజీ చూడకుండా ఇసుక నుంచి తారెక్కకూడదన్నది ఉత్తర్వయింది. నేను రిటైరై వచ్చేదాకా రాజన్న అదే పికప్ నడిపాడు. నాతో మాత్రం రెండు నెలలు మాట్లాడలేదు. తర్వాత తనే గ్యారేజీకి వచ్చి చాయ్ తాగి పోయాడు.

ఆ రోజు నేను చెప్పింది నిజమే. రత్నం గారు ఆ ప్రశ్న అడగకపోతే ఆ నిజమే ఒక మనిషిని ఇంటికి పంపి ఉండేది, నేను నా పని సరిగ్గానే చేశానని తిరిగేవాణ్ణి. అందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను. టైరు ఏం చెప్పిందో దాచకూడదు. అది చెప్పేసిన తర్వాత కూడా గాలి ఎందుకు లేదో అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాతి సంవత్సరాల్లో నేను ఆ రెండో పని కూడా చేశాను.

ఆ ఉదయం అక్కడ ఉన్నవాళ్లు: డ్రైవరు రాజన్న, పరంజా పనివాళ్లు గంగారాం, లింబాద్రి, నేపాల్ తిలక్, బంగ్లాదేశ్ షఫీక్, టైర్‌మన్ అన్వర్, ట్రాన్స్‌పోర్టు మేనేజర్ రత్నం గారు, ఫోర్‌మన్ మల్లయ్య అనే నేను.