మా అమ్మాయి వాళ్ల ప్రొఫెసరమ్మ ఒప్పుకున్న రోజు

మా అమ్మాయికి చదువు చెప్పిన ప్రొఫెసరమ్మ ఇక లేరు. మొన్న పొద్దున ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వాకిట్లో మంచు ఎత్తిపోస్తుంటే అమ్మాయి చెప్పుల్లేకుండా బయటికి వచ్చి, "నాన్నా, మేడమ్ పోయారు" అంది. అమ్మాయికి డాక్టరేటు వచ్చిందని ఊరందరికీ పంచగా మిగిలిన లడ్డూలు ఇంకా వంటింటి గట్టు మీదే ఉన్నాయి. సంతోషపడాలో ఏడవాలో తెలియడం లేదండీ.

నేను చదివింది పదో తరగతి. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాను. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి అందరిలా కంప్యూటర్లు చదవకుండా, ఆరొందల ఏళ్ల కిందట ఇంగ్లండులో చేత్తో పుస్తకాలు రాసిన లేఖకుల దస్తూరీ గుర్తుపట్టే చదువు పట్టుకుంది. వాళ్లలో చాలామంది పుస్తకంలో తమ పేరు రాసుకోలేదట. అక్షరాల పోకడను బట్టే ఎవరు రాశారో తేల్చాలట. దీంతో పిల్ల ఎలా బతుకుతుందోనని నేను దిగులుపడని పూట లేదు.

అది తెలిసే ప్రొఫెసరమ్మ నన్ను తన గదికి పిలిపించారు. తెల్లజుట్టు, చెవి మీద పెన్సిలు. "మేడమ్ కాళ్లకు దణ్ణం పెట్టమ్మా" అని అమ్మాయిని వంచితే, ఏదో కింద పడిందనుకుని ఆవిడా వంగి నేలంతా వెతికారు! తర్వాత నా చేత తెలుగు రాయించుకుని చూశారు. నేను అక్షరాలన్నీ రాసేసి చివర్లో తలకట్లు పెడతానని ఆవిడ చెప్పేదాకా నాకే తెలియదు. "నాకు మీ భాష రాదు, అందుకే అక్షరం కనిపించింది. అర్థం తెలిస్తే కళ్లు దాని వెంట పరుగెత్తుతాయి" అన్నారు. అమ్మాయి తెలుగులో చెప్తుంటే నా దిగులు సగం తీరింది.

అసలు భయం తర్వాత మొదలైంది. ఆ కాలంవే ఒక ప్రార్థనల పుస్తకం, ఒక కథల పుస్తకం. ఒకదాంట్లో అక్షరాలు నిటారుగా, రెండోదాంట్లో వాలుగా ఉంటాయి. రాసినవాళ్లు వేరువేరని ప్రొఫెసరమ్మ ఎప్పుడో అచ్చువేశారు. కాదు, ఒక్కడేనని మా అమ్మాయి. చెయ్యి అలిసే చోట రెండింటిలోనూ ఇంగ్లీషు 'జి' అక్షరం తోక ముడిపడకుండా ఎడమకు జారిపోతుందట.

"గురువుగారిదే తప్పంటావా? కళ్లు పోతాయే!"

"నాన్నా, స్టాప్. తప్పుంటే చూపించమని ఆవిడే చెప్పింది."

"పెద్దవాళ్లు అలాగే అంటారు. నిజంగా చూపించేస్తావా?"

"మరి ఫేక్ చేయనా?"

ఇంతలో ఆవిడకు కేన్సరని తెలిసింది. డాక్టరేటు పరీక్ష రోజు ఊలు టోపీ పెట్టుకుని వచ్చి, అందరికంటే కఠినమైన ప్రశ్నలు ఆవిడే వేశారు. ఒకే గురువు దగ్గర నేర్చుకున్న ఇద్దరికి ఒకే తోక రాదా అని అడిగితే మా అమ్మాయి పేజీలు తిరగేసి ఒక్కో తోకా చూపిస్తూ జవాబు చెప్పింది. చివరికి "డాక్టర్" అని మొదట పిలిచింది ఆవిడే. వెనక వరసలో నేను ఒక్కణ్ణే లేచి చప్పట్లు కొట్టాను! కానీ తలుపు దగ్గర ఆవిడ, "బాగా వాదించావు. నేను మాత్రం ఇంకా నమ్మలేదు" అన్నారు.

పట్టా వచ్చినా అమ్మాయి ముఖంలో వెలుగు లేదు. ఆవిడ ఒప్పుకోకుండానే వెళ్లిపోతారేమోనని దాని బెంగ. ఆ మనసు నొప్పించామేమోనని నా బెంగ.

పోయిన వారం ఆసుపత్రి నుంచి కబురు పెట్టారు. తినలేరని తెలిసీ పులిహోర పట్టుకెళ్లాను. ఆవిడ రెండు పుస్తకాల పేజీల ఫొటోలు అడిగి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"నువ్వు 'కె' అక్షరం చూడలేదు" అన్నారు.

అమ్మాయి ఫొటోల మీదికి వంగింది. "లేదు మేడమ్."

"చూడు. రెండింటిలోనూ కాలు విడిగా గీసి, తర్వాత అతికించాడు. ఒక్కడే. నేను నిటారు, వాలు అంటూ బట్టలు చూసి మనిషిని వదిలేశాను." కాస్త ఆగి, "అయినా నువ్వు 'బహుశా' అనే రాయి" అని నవ్వారు.

అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. ఆ తల్లి రుణం ఎన్ని జన్మలకు తీరుతుంది!

బయటికి వచ్చాక తలుపు అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూశాను. ఆవిడ ఆ రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని ఉన్నారు. చేతులు వణుకుతున్నాయి. కాగితాలు రెండూ కలిసే కదులుతున్నాయి.