ఒక తల్లి, ఒక పిల్ల

నా భార్య తమ్ముడు గొర్రెల కాపరి. కేతేపల్లికి దగ్గరి పల్లె వాళ్లది. పెళ్లికి ముందు కొన్నేళ్లు లారీ నడిపి, తర్వాత అది మానేసి తండ్రి మందను పట్టాడు. నేను అప్పుడు కట్టంగూర్‌లో పశువుల దవాఖానలో పనిచేసేవాణ్ణి. ఆదివారం వాళ్లింటికి పోతే, గొర్రెపిల్లలను విడిచే వేళ దాకా ఉండి వచ్చేవాణ్ణి.

తల్లులు పగలంతా మేతకు పోతే, చిన్న పిల్లలు దొడ్డిలో తడిక వెనక ఉంటాయి. పొద్దుగూకి మంద తిరిగి రాగానే కాపరి తడిక ఎత్తి, ఒక్కో పిల్లను దాని తల్లి దగ్గర విడవాలి. నా కంటికి అన్నీ ఒకటే నలుపు. అతను అరుపు విని, ముఖం చూసి, ఏ పిల్ల ఏ తల్లిదో పట్టేవాడు.

తొంభైల్లో ఒక వానాకాలం మొదటిసారి తప్పాడు. అతను విడిచిన పిల్లను గొర్రె వాసన చూసి, తలతో కుమ్మి పక్కకు తోసింది. పక్క దొడ్డి కాపరి నవ్వాడు.

"ఏంది మామా, కల్లు జర ఎక్కువైందా? ఎవని పిల్లను ఎవలకు అంటగడ్తున్నవ్?"

"నీ ఇల్లు నీకు యాదికుందా? ముందుగాల గది చూస్కో," అన్నాడు ఇతను. అందరం నవ్వాం. అతను మళ్లీ ఇంకో పిల్లను ఎత్తి, దాన్ని చంకలో పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

వానలు వెనకపట్టేసరికి పిల్లలు బక్కచిక్కాయి. అతను మనుషులతో మాట్లాడటం తగ్గించాడు. నడుస్తుంటే కాళ్లు తడబడేవి. ఒకరోజు నాతో నెమ్మదిగా అన్నాడు:

"మొకాలు యాదికొస్తలెవ్వు బావా. ఒకటి పట్టుకుంటే ఇంకోటి జారిపోతాంది. మందను మాత్రం నా చేతులకెల్లి తియ్యనియ్యకు."

అతని తల్లి, ఎవరో చేతబడి చేశారంది. నేనూ అతని భార్యా కలిసి హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. రక్తపరీక్ష చేసి హెచ్‌ఐవి అన్నారు. అది మెదడు దాకా పోయిందనీ, మతి తప్పడమూ, ఆ మౌనమూ, కాళ్ల తడబాటూ అన్నీ దానివల్లేననీ డాక్టరు చెప్పాడు. మందుల సంగతి అడిగితే, పై దేశాల్లో ఏవో వస్తున్నాయట, మన చేతికి అందేవి కావు అన్నాడు. భార్యకూ పరీక్ష చేశారు. ఆమెకు లేదు. తిరుగు బస్సులో అతను కిటికీకి తల ఆనించి నిద్రపోయాక ఆమె అంది:

"అన్నా, ఊర్లె మతిమరుపని చెప్దాం. గంతే."

దసరా ముందు రెండు పిల్లలు పాలు లేక చచ్చాయి. అతని అన్న వచ్చి మందను తోలుకుపోయాడు.

"వాని మీద ప్రేమ, పావురం లేక కాదు బావా. నోరులేని జీవాలు, సస్తుంటె ఎట్ల సూడాలె?" అన్నాడు నాతో. పశువుల దవాఖానలో పనిచేసేవాణ్ణి, నేను ఏం వాదించను?

మంద కదులుతుండగా అతని భార్య అడ్డం వచ్చింది. "ఒక తల్లిని, ఒక పిల్లను ఇడిచిపెట్టు బావా. నీకు పుణ్యముంటది."

ఆయన విడిచిపెట్టాడు. అప్పటినుంచి ఆమె పగలు ఆ గొర్రెను చెలకకు తోలుకుపోయేది, సాయంత్రం తెచ్చేది. అతను తడిక ఎత్తేవాడు. ఉన్నది ఒకటే పిల్ల, ఉన్నది ఒకటే తల్లి. తప్పు పోయేందుకు లేదు.

"సూసినవా బావా, తప్పలే," అనేవాడు. ఆ ముఖం మళ్లీ పాత ముఖమయ్యేది.

చలికాలంలో ఒక సాయంత్రం నేనున్నాను. తడిక ఎత్తాడు. పిల్ల ఉరికి తల్లి పొదుగు పట్టింది. అతను మాత్రం తడిక దించలేదు.

"దించు ఇగ. చేతులు గుంజుతయి," అంది భార్య.

"ఆగు. ఇంక రావాలె."

ఖాళీ దొడ్డిలోకే చూస్తున్నాడు. ఒక్కొక్కటి బయటికి వస్తుంటే చూసినట్టు, అతని కళ్లు నేల మీద కదులుతున్నాయి. ఆమె నా వైపు చూడలేదు.

"వస్తయి తియ్," అని తడిక రెండో కొస తను పట్టుకుంది. పిల్ల పాలు తాగి పడుకుంది. చీకటి పడేదాకా ఇద్దరూ అట్లాగే నిలబడ్డారు.

ఆ రోజు డైరీలో, పిల్ల కడుపునిండా తాగింది అని ఒక్క ముక్క రాసుకున్నాను. అతను ఎండాకాలం చూడలేదు.

ఆ పల్లెకు ఇప్పటికీ పోతుంటాను. మందలు ఇంటిదారి పట్టకముందే బస్సెక్కుతాను.