వాళ్ళక్క ఓడిపోతుందని నేను చెప్పిన లెక్క

అంకెలు అబద్ధం చెప్పవని చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మడమే కాదు, కాదన్నవాళ్ళ మీద కస్సుమని లేచేదాన్ని. దోహాలో మా ఆఫీసు పని సర్వేలు చేయడం. ఏ బ్యాంకువాళ్ళో, ఏ పాల కంపెనీవాళ్ళో అడిగితే, జనానికి ఫోన్లు చేసి వాళ్ళ మనసులో మాట రాబడతాం. ప్రశ్నలు రాసేవాళ్ళు వేరు, ఫోన్లు చేసేవాళ్ళు వేరు. వచ్చిన జవాబులన్నీ కూడి, భాగించి, ఇదీ సంగతి అని తేల్చేది నేను. తేల్చడమంటే నాకు మహా సరదా. కాకినాడలో చిన్నప్పుడు వాన వస్తుందో రాదో కూడా నేనే తేల్చేదాన్నని మా అమ్మ ఇప్పటికీ ఎద్దేవా చేస్తుంది.

ప్రశ్నలు రాసేవాళ్ళలో ఒక ఐర్లాండు ఆయన ఉండేవాడు. ఇంచుమించు నా వయసే, నెమ్మదస్తుడు, నా పక్క బల్ల. పొద్దున్నే టీ తాగుతూ వాళ్ళ పత్రికలో వచ్చిన పార్టీల సర్వే తెరుచుకుని కూచునేవాడు. అక్కడ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. నేనూ కుర్చీ జరుపుకుని చూసేదాన్ని. ఏళ్ళ తరబడి వంతులవారీగా ఏలి చివరికి చేతులు కలిపిన రెండు పాత పార్టీలు, వాటికి గుబులు పుట్టిస్తున్న మూడోది, ఆ కింద చిన్నాచితకావి. నెల నెలా ఒకరి గీత పైకి, ఒకరిది కిందికి. మనది కాని ఎన్నికల మీద అభిప్రాయం చెప్పడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు. రోజూ చెప్పేదాన్ని.

"మనిద్దరికీ ఓటు లేదు కాబట్టే ఇంత ధైర్యంగా మాట్లాడుకుంటున్నాం," అనేవాడాయన. నిజమే. దేశం వదిలి ఇన్నేళ్ళయినవాళ్ళకి వాళ్ళ దగ్గర ఓటు ఉండదట. నాకు పేరుకి ఉన్నా, కాకినాడ దాకా వెళ్ళి వేసి రావాలి.

ఆ చిన్నాచితకా పార్టీల్లో ఒకదాని తరఫున వాళ్ళక్క నిలబడిందని ఆయన చెప్పింది నామినేషన్లు అయ్యాకే. ఆవిడకది మూడోసారి. మొదటి రెండుసార్లూ తమ్ముడే నిచ్చెన వేసుకుని దీపస్తంభాలకి ఆవిడ బొమ్మలు కట్టాడు. రెండోసారి ఓడిపోయినప్పుడు, లెక్కింపు హాల్లో, అందరూ వింటుండగా, "ఇక ఈ పిచ్చి చాలించు, ఇంటికి పద," అన్నాడట. ఆ తరవాత ఇద్దరి మధ్యా పండక్కి పుట్టినరోజుకి శుభాకాంక్షలు తప్ప మాటల్లేవు. ఇప్పుడు అక్క దగ్గర్నించి ఒక్క వాక్యం వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టాడు. 'ఈసారి లెక్కింపుకి వస్తావా?'

ఆయనకి వారం రోజుల సెలవు మిగిలుంది. గురువారంలోగా చెప్పాలి.

"గెలిచే అవకాశం ఉందంటారా? అంకెలు మీకు తెలుసు," అన్నాడు.

గెలుపుకీ వెళ్ళడానికీ సంబంధమేమిటని అప్పుడే అడగాల్సింది. అడగలేదు. ఎవరైనా లెక్క అడిగితే నాకు ఒళ్ళు తెలియదు. కాగితం లాక్కున్నాను. ఆవిడ నియోజకవర్గంలో సీట్లు నాలుగు. సర్వేలో ఆవిడ పార్టీ అడుగున ఉంది. ఇంకా తేల్చుకోలేదన్న జనాన్ని పక్కన పెట్టేశాను, పత్రికా అదే చేసింది. సర్వేలో తప్పు ఎంత ఉండవచ్చునో అంతా ఆవిడ వైపే మొగ్గించాను, పోనీలే పాపమని. ఎంత మొగ్గించినా ఏడో స్థానం దాటి పైకి రాలేదు.

"మా దగ్గర ఒక్క ఓటుతో అయిపోదు కదా," అని ఆయన గుర్తు చేశాడు. వాళ్ళ పద్ధతి నాకు బోర్డు మీద గీసి మరీ చెప్పి ఉన్నాడు. ఓటరు తన ఇష్టాల వరసలో పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని రాస్తాడు. అందరికన్నా వెనకబడ్డవాణ్ణి తీసేసి, వాడి ఓట్లని ఆ కాగితాల్లో రెండో పేరున్నవాళ్ళకి పంచుతారు. అలా ఒక్కొక్కరినీ తీసేస్తూ నాలుగు సీట్లూ నిండేదాకా లెక్కిస్తారు. "సర్వేవాళ్ళు మొదటి పేరే అడుగుతారు," అన్నాడు.

"అదంతా చివర్లో చిన్న సర్దుబాటు. ఏడో మనిషిని నాలుగో చోటికి తీసుకొచ్చేంత బలం దానికి లేదు," అని తేల్చేశాను. మొదటి రౌండు ఆధిక్యం చూసి టపాకాయలు కాల్చేసే ఊళ్ళనుంచి వచ్చినదాన్ని. నా బుర్రకి అంతకు మించి అందలేదు.

"అయితే వెళ్ళడం అనవసరమంటారు."

"శుద్ధ దండగ. సెలవు వేసవికి దాచుకోండి."

ఆయన ముఖం తేలికపడింది. అది నా లెక్కకి దక్కిన మెప్పనుకున్నాను.

ఆ సాయంత్రం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌ అనే పేటలో మా ఇంటికి వెళుతూ, ఆఫీసు కారు నడిపే జగిత్యాల అతనికి ఈ కథంతా గొప్పగా చెప్పాను. అతను చివరిదాకా విని తల అడ్డంగా ఊపాడు.

"ఎవనికి ఓటేస్తవని అడిగితె ఎవడన్న నిజం జెప్తడా అక్కా? మా ఊర్ల సర్పంచ్ ఎలక్షన్లకు మా కాక నిలవడ్డడు. ఇల్లిల్లు తిరిగినం. అందరు మీకే అన్నరు. ఏమైంది? ఓడిపోయినం."

"మరెలా అడగాలంటావు?"

"ఎవనికి అస్సలుకే ఎయ్యవో అడుగాలె. గదైతె కడుపుల కెంచి జెప్తరు."

నవ్వేశాను. "మీ ఊరికీ ఐర్లాండుకీ పోలికేమిటయ్యా బాబూ?"

"యాడున్నా మనిషి మనిషే గదక్కా," అన్నాడు. ఆ మాట కార్లోనే వదిలేసి దిగిపోయాను.

అక్కడ శుక్రవారం ఓట్లు వేశారు. శనివారం లెక్కింపు మొదలైంది. మాకు ఆ రోజు సెలవు. సాయంత్రానికి మొదటి లెక్క బయటికొచ్చింది. ఆవిడది ఏడో స్థానం, అక్షరాలా ఏడు. నేను ఊరుకోవచ్చు కదా! 'చూశారా, చెప్పాను,' అని ఆయనకి మెసేజ్ పెట్టాను. బదులుగా బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది.

ఆదివారం ఆఫీసుకి వెళ్ళేసరికి ఆవిడ ఆరులో ఉంది. మధ్యాహ్నం అక్కడ తెల్లవారి మళ్ళీ లెక్క మొదలుపెట్టారు. రైతుల తరఫున నిలబడ్డ ఒకాయన్ని తీసేస్తే ఆయన ఓట్లలో చాలా ఈవిడకి వచ్చాయి. ఒక పాత పార్టీ మనిషి పోతే అక్కడ్నించీ వచ్చాయి. ఆ పార్టీ అంటే మండిపడే స్వతంత్రుడు పోతే అక్కడ్నించీ వచ్చాయి. సర్వేల్లో మెరిసిపోయిన పార్టీ రెండో అభ్యర్థికి మొదట్లో దండిగా పడ్డాయి గాని, తరవాత ఎవరి దగ్గర్నించీ పెద్దగా చేరలేదు, అక్కడే ఆగిపోయాడు. ఈవిడ పేరు మొదట రాసినవాళ్ళు కొద్దిమంది. ఈవిడకి రాయనే రాయమన్నవాళ్ళు అంతకన్నా కొద్దిమంది. జగిత్యాల అతను అడగమన్న ప్రశ్న ఏ పత్రికా అడగలేదు. నేనూ అడగలేదు.

ఆవిడ అయిదులోకి వచ్చింది. ఆయన తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీయలేదు. విమానాల పేజీ తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఏది పట్టుకున్నా అక్కడ హాలు ఖాళీ అయ్యాకే చేరతాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను నా కంప్యూటర్‌లో ఏదో చూస్తున్నట్టు నటించాను.

నాలుగు కావస్తుండగా చివరి సీటు ఆవిడదయింది. గెలుపుకి కావలసిన ఓట్లు నిండలేదు గాని, బరిలో మిగిలినవాళ్ళలో ఆవిడే ముందుంది. తెరమీద ఒకటే కేకలు. గెలిచినవాళ్ళని భుజాల మీదికి ఎత్తుకోవడం వాళ్ళ అలవాటు. ఎర్ర కోటు వేసుకున్న పొట్టి మనిషి గాల్లోకి లేచి, పడిపోతానేమోనని ఎవరి జుట్టో పట్టుకుని నవ్వుతోంది. ఆయన తెరకి దగ్గరగా వంగి, ఎత్తుకున్నవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ చూశాడు.

"వీళ్ళెవరూ నాకు తెలియరు," అన్నాడు.

అక్కకి ఫోన్ చేశాడు. ఆవిడకి నేనూ అభినందనలు చెబుతానని స్పీకర్ ఆన్ చేయించింది నేనే.

ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది. "రాలేదేం?" అంది మొదటి మాటగా.

"ఓడిపోతావని సర్వేలు చెప్పాయి," అన్నాడు. నా పేరు ఎత్తలేదు.

"సర్వేలు నేను చూడలేదనుకున్నావా?" ఆవిడ నవ్వింది. కోపంగా కాదు. "ఓడిపోతాననే కదా నిన్ను రమ్మన్నాను."

ఆయన విమానాల పేజీ మళ్ళీ తెరిచాడు. "ఇప్పుడు బయల్దేరతాను. రేపటికల్లా వచ్చేస్తాను."

"ఇప్పుడెందుకు? ఇక్కడ నాకు బోలెడంతమంది ఉన్నారు," అంది. వెనక ఎవరో పిలిచారు. వస్తున్నానని వాళ్ళకి చెప్పి ఫోన్ పెట్టేసింది.

నా అభినందనలు నా దగ్గరే మిగిలిపోయాయి. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, టీ కావాలా అని నన్ను అడిగాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.