హుస్సేన్ సాహెబ్ తగ్గించిన గాలి

సగం తెలిసిన విషయాన్ని ఎదుటివాళ్లకు పూర్తిగా అర్థమయ్యేలా చెప్పేయడం నాకున్న పాడు అలవాటు. నా పేరు ప్రేమలీల. గూడూరులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా నర్సును. బీపీ అన్నా, షుగరు అన్నా, ఎవరడిగినా ఏదో ఒక పోలిక చెప్పి పంపించేస్తాను. చాలామంది తలూపి, బయటికి వెళ్లగానే మర్చిపోతారు. హుస్సేన్ సాహెబ్ మర్చిపోలేదు.

ఆయనది నాయుడుపేట. రాగి, ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూసి కళాయి వేస్తాడు. స్టీలు వచ్చాక ఇళ్లల్లో ఆ పని ఎప్పుడో పోయింది. పెళ్లిళ్లకు బిరియానీ వండేవాళ్ల రాగి డేక్షాలే ఇప్పుడు ఆయనకు బువ్వ పెడుతున్నాయి. అరవై దాటినా చూపు చురుకు. వచ్చిన మొదటి రోజే మా ఇంజెక్షన్ ట్రేలో మచ్చ చూసి, "ఇది తోమితే పొయ్యేది కాదు సిస్టరమ్మా" అని నా ఒళ్లు మండించాడు. కావాలని తోమి చూశాను. పోలేదు.

ఆయన భార్య హజరాబీకి నిరుడు వానాకాలంలో ఫ్లూ వచ్చింది. అది ఊపిరితిత్తుల్లోకి దిగి వైరల్ న్యుమోనియా అయింది. మూడో రోజుకు ఆక్సిజన్ పెట్టాం. ముఖానికి మాస్కు, దానికో గొట్టం, గోడకు గాజు మీటరు, ఎంత వదలాలో తిప్పుకోవడానికి ఒక నాబ్. సాహెబ్ స్టూలు వేసుకుని ఆ మీటరు పక్కనే కూర్చునేవాడు. వాళ్లకు పిల్లల్లేరు. "ఆమె పోతే నేనుండి ఏం జెయ్యాలమ్మా" అని ఒకసారి నాతో అన్నాడు. ఏడుపు లేకుండా, ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు.

ఆక్సిజన్ పెట్టిన మర్నాడు పొద్దున పదింటప్పుడు అడిగాడు.

"వైరస్ అంటే పురుగే గదా. ఇంతమంది ఇన్ని మందులు ఎక్కిస్తా ఉండారే, చావదా?"

"పురుగుతో అయిపోతే బాగుండును సాహెబ్ గారూ. దాన్ని చంపేదానికి ఒళ్లు కూడా మంట పెడుతుంది. ఆక్సిజన్‌తోనే ఒక ఘాటు సరుకు తయారుచేసి దాని మీద చల్లుతుంది. ఆ సరుకు ఎక్కువైతే మన కణాలే దెబ్బతింటాయి. లోపల తుప్పు పట్టినట్టనుకోండి."

అంతకు నెల ముందు మాకు పెట్టిన క్లాసులో విన్న ముక్క అది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని పెద్ద పేరు చెప్పారు. నాకే సరిగ్గా ఎక్కలేదు.

"ఆక్సిజన్ అంటే గాలే గదా?" అన్నాడు.

"గాలిలో ఉండేదే."

"ఈ గొట్టంలో వచ్చేది?"

"అదే. ఇంకా చిక్కనిది" అని చెప్పి, పక్క మంచాల వాళ్లకు ఇంజెక్షన్లు వేయడానికి వెళ్లిపోయాను. ఆ మాటలు ఎక్కడికి పోతాయో ఆలోచించలేదు.

పది నిమిషాలయ్యాక, రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి హజరాబీ వేలికి పెట్టిన మిషను కూత పెట్టింది. పరుగెత్తాను. తొంభై నాలుగు ఉండాల్సిన అంకె ఎనభై రెండుకు దిగింది. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. నాబ్ మీద సాహెబ్ చెయ్యి.

ఆయన్ని పక్కకు తోసి నాబ్ పూర్తిగా తిప్పాను. "చంపేస్తావా ఆమెను? బుద్ధుందా నీకు?" అని నోటికొచ్చినట్టు తిట్టాను. గారు, గీరు అన్నీ ఎగిరిపోయాయి.

"నువ్వే గదమ్మా తుప్పన్నావు" అన్నాడు. "కాలే రాగి మీదికి గాలి కొడితే నల్లగా మాడిపోతాది. ఆమె ఒళ్లు చూస్తే కాలిపోతా ఉంది. దాని మీదికే గాలి కొడతా ఉండారు. రవ్వంత తగ్గిద్దామని తిప్పినా."

ఎనభై ఆరు, తొంభై, తొంభై మూడు. అంకె ఎక్కేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. డాక్టరు నరేంద్రబాబు గారికి నాబ్ ఎలాగో తిరిగిపోయిందని మాత్రం చెప్పాను. తుప్పు సంగతి చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

మూడు రోజుల తర్వాత డాక్టరు గారు రౌండ్సుకు వచ్చారు. భయం కొద్దీ నేను ఆక్సిజన్ ఎక్కువే పెట్టి ఉంచాను. అంకె తొంభై తొమ్మిది చూపిస్తోంది.

"ఇంతెందుకమ్మా? అవసరానికి మించితే ఆక్సిజనే ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది" అంటూ తనే నాబ్ సగానికి తిప్పేశారు.

సాహెబ్ నా ముఖం చూశాడు. నేను కేస్ షీటు చూశాను.

డాక్టరు గారు వెళ్లగానే అడిగాడు. "నేను చేసింది తప్పా, రైటా?"

"తప్పే."

"మరి ఆయన చేసినాడే?"

"అది రైటు. ఆయన అంకె చూసి తగ్గించినారు."

"అంకె చూడాలని నాకెవురు చెప్పినారమ్మా?"

నేనే చెప్పి ఉండాల్సింది. తుప్పు గురించి అంత చెప్పినదాన్ని ఆ ఒక్కటీ చెప్పలేదు. కాల్చేదీ అదే, కాపాడేదీ అదే అయితే ఆమెకు ఏది ఎప్పుడు జరుగుతోందో లోపలికి పోయి చూసినవాళ్లెవరు? ఆయన అడిగింది ఇదే. ఇప్పటికీ ఆ క్లాసు నోట్సు తీస్తే నాకు తల తిరుగుతుంది.

ఎనిమిదో రోజుకు మాస్కు తీసేశాం. "ఆమెకు మాత్రం చెప్పబాకమ్మా" అని సాహెబ్ రోజూ నన్ను బతిమాలుకున్నాడు. నేనెందుకు చెబుతాను?

డిశ్చార్జి రోజు హజరాబీ మంచం మీద కూర్చుంది. నేను చేతి సూది తీస్తున్నాను, ఆయన బట్టలు సంచిలో సర్దుతున్నాడు.

"ఆ పొద్దు ఆయన్ని అన్నేసి మాటలన్నావే సిస్టరమ్మా, పాపం" అంది.

సాహెబ్ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

"మీకు తెలుసా?" అన్నాను.

"తెలవకేం? ఆయన తిప్పేటప్పుడు చూస్తానే ఉండా. ఊపిరాడలా."

"చెయ్యైనా ఊపలేకపోయినారా?"

"ఊపే ఓపిక ఉండింది. ముప్పై ఏళ్లు కొలిమి కాడ గాలి తిత్తి ఊదింది నేనే గదమ్మా. ఆయన చాలంటే ఆపేదాన్ని. ఒక్క గిన్నె మాడలా. ఇదీ అట్టాంటిదే, ఆయనకు తెలిసే ఆపతా ఉండాడు అనుకున్నా."

హుస్సేన్ సాహెబ్ ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూలబడిపోయాడు. "ఇంకెప్పుడూ నన్ను అట్టా నమ్మబాక" అన్నాడు. ఏడ్చేశాడు.

హజరాబీకి ఆయన ఎందుకు ఏడుస్తున్నాడో అర్థం కాలేదు. నా వైపు చూసి, మళ్లీ ఆయన వైపు చూసి, "మరి ఎవుర్ని నమ్మాల?" అని అడిగింది.